దిగుడులో తేలే లెక్క: భారీ ట్రైలర్లు లాగే లారీల బ్రేకులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ట్రైలర్ కోసం రెండు ట్రాక్టర్ హెడ్లు (ట్రైలర్‌ను లాగే లారీ ముందు భాగాలు) చూసి పెట్టుకున్నాం. బండి, ట్రైలర్, సరుకు అన్నీ కలిపి 40 టన్నులకు రెండూ సరిపోతాయి. మొదటిదానికి 13 లీటర్ల ఇంజిన్, 350 కిలోవాట్ల ఇంజిన్ బ్రేక్ అని రాశారు. రెండోదానికి మామూలు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి ఇంజిన్‌ను నెమ్మదింపజేసేది), దానితోపాటు 3,500 న్యూటన్ మీటర్ల హైడ్రాలిక్ రిటార్డర్ (ద్రవం అడ్డుతో షాఫ్టును నెమ్మదింపజేసే పరికరం) ఉంది. ఏది గట్టిగా ఆపుతుంది?

జవాబు: 'ఆపడం' అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. ముందు వాటిని విడదీద్దాం.

ఎదురుగా ఏదో అడ్డం వచ్చింది, పెడల్ అడుగంటా తొక్కారు. ఇది మొదటి పని. ఇక్కడ ఇంజిన్ బ్రేకు, రిటార్డర్ చేసేది తక్కువ. చక్రాల బ్రేకులూ, టైరుకు రోడ్డుమీద ఉన్న పట్టూ తేల్చే వ్యవహారం ఇది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్య సమితి ఆర్13 నిబంధన ప్రకారం నిండు బరువుతో ఉన్న భారీ లారీ 60 కి.మీ. వేగంలో, ఇంజిన్ సాయం లేకుండా, పెడల్ తొక్కిన క్షణం నుంచి 36.7 మీటర్లలోపు నిలబడాలి. ఈ పరీక్ష నెగ్గకుండా ఆ దేశాల్లో కొత్త మోడల్ రోడ్డెక్కదు. కాబట్టి ఈ పనిలో మీ రెండు బండ్లకూ పెద్ద తేడా కనపడదు.

రెండో పని, పొడవాటి దిగుడులో బండిని ఒకే వేగంలో పట్టి ఉంచడం. లారీకీ లారీకీ అసలు తేడా ఇక్కడే. లెక్క వేసి చూడండి. 6 శాతం దిగుడు, అంటే 100 మీటర్లకు 6 మీటర్లు కిందికి. 40 టన్నుల బండి గంటకు 40 కి.మీ. వేగంతో దిగుతుంటే భూమ్యాకర్షణ దాన్ని 262 కిలోవాట్ల శక్తితో తోస్తుంది. టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిసి ఒక 30 మింగేస్తాయి. మిగిలిన 230 కిలోవాట్లను ఏదో ఒకటి వేడిగా మార్చి బయటికి పంపాలి, అదీ దిగుడు ఉన్నంతసేపూ. అదే దిగుడు 60 కి.మీ. వేగంతో దిగితే ఆ లెక్క 335కు చేరుతుంది.

ఇప్పుడు మీ మొదటి బండి చూద్దాం. కాగితం మీద ఉన్న 350 కిలోవాట్లు ఇంజిన్ నిమిషానికి 2,300 చుట్లకు దగ్గరగా తిరిగినప్పటి మాట. అదే ఇంజిన్ 1,300, 1,400 చుట్ల దగ్గర సగం కూడా ఇవ్వకపోవచ్చు. పై గేరులో హాయిగా దిగుతూ 'ఇంజిన్ బ్రేక్ పట్టట్లేదు' అనేవాళ్ల సమస్య చాలామటుకు ఇదే. డీలరును ఒక్క అంకె అడగొద్దు. చుట్లకూ బ్రేకింగుకూ ఉన్న గ్రాఫు అడగండి.

రెండో బండిలో రిటార్డర్ గేర్‌బాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. దానికి గేరుతో నిమిత్తం లేదు, రోడ్డు వేగమే లెక్క. డిఫరెన్షియల్ నిష్పత్తి 3, టైరు వ్యాసార్ధం అర మీటరు అనుకుంటే 60 కి.మీ. దగ్గర షాఫ్టు నిమిషానికి సుమారు 955 చుట్లు తిరుగుతుంది. 3,500 న్యూటన్ మీటర్లు పూర్తిగా అందితే అది 350 కిలోవాట్లు. అదే 30 కి.మీ. దగ్గర 175. వేగం ఇంకా తగ్గితే రిటార్డర్ దాదాపు నిద్రపోతుంది. నిష్పత్తి 3కు బదులు 2.6 ఉన్న బండి కొంటే డీజిల్ ఆదా కావచ్చు గానీ రిటార్డర్ బలం ఆ మేరకు తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. హైడ్రాలిక్ రిటార్డర్ పుట్టించే వేడంతా ఇంజిన్ కూలెంటులోకే పోతుంది. నీళ్లు మరిగే దశకు వస్తే కంట్రోలర్ తనంతట తానే రిటార్డర్ బలం తగ్గించేస్తుంది. దిగుడు సగంలో 'ఉన్నట్టుండి వదిలేసింది' అనిపించేది అందుకే. వాటర్ పంపు, ఫ్యాను గట్టిగా తిరగాలంటే ఇంజిన్ చుట్లు ఎక్కువగా ఉండాలి. అంటే రిటార్డర్ బండిలోనూ కింది గేరు వేసుకునే దిగాలి.

నా తీర్పు: 5, 6 శాతం దిగుడు మైళ్ల కొద్దీ ఉండే దారుల్లో రెండో బండి. 10, 12 శాతం నిటారు దిగుళ్లు, 15, 20 కి.మీ. వేగంతో లోబెడ్ (నేలకు దగ్గరగా ఉండే భారీ సరుకు ట్రైలర్) దించే పనైతే మొదటిది. ఎందుకంటే ఇంజిన్ బ్రేకు బలాన్ని కింది గేరు గుణించి చక్రానికి ఇస్తుంది, ఈ రిటార్డర్‌కు ఆ వెసులుబాటు లేదు. రెండూ ఉన్న బండి దొరికితే ఇంత ఆలోచన అక్కర్లేదు.

ప్రశ్న: అమెరికా లెక్కల్లో ఒక ట్రాక్టర్ '60 మైళ్ల వేగం నుంచి 250 అడుగుల్లో ఆగుతుంది' అని ఉంది. దీన్ని బట్టి ట్రైలరుతో కూడా అంతే దూరం అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. 2009లో అక్కడి బ్రేకు నిబంధన 121ను సవరించి, అంతకుముందున్న 355 అడుగులను చాలా ట్రాక్టర్లకు 250కి తగ్గించారు. మన కొలతలో 108 మీటర్ల నుంచి 76కు. కానీ ఆ పరీక్షలో వెనక తగిలించేది బ్రేకుల్లేని పరీక్ష ట్రైలర్. బరువంతా ట్రాక్టర్ ఇరుసుల మీదే పడేలా ఎక్కించి, ట్రాక్టర్ సత్తా ఒక్కటే కొలుస్తారు. ట్రాక్టర్లను ఒకదాంతో ఒకటి పోల్చడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది. మీ ట్రైలర్ బ్రేకులు ఏ స్థితిలో ఉన్నాయో అది చెప్పదు. అయిదిరుసుల బండిలో రెండిరుసులు ట్రైలర్‌వే. వాటి బరువును అవే ఆపుకోవాలి, ట్రాక్టర్ వచ్చి ఆపదు.

ప్రశ్న: పాత ట్రైలర్ కొంటున్నాం. డ్రమ్ము బ్రేకులు. మెకానిక్ తొక్కి చూసి 'బాగానే పట్టాయి' అన్నాడు. అది చాలా?

జవాబు: చాలదు. ఖాళీ బండికి, చల్లటి డ్రమ్ముకు ఏ బ్రేకైనా పడుతుంది. చూడాల్సింది పుష్‌రాడ్ (గాలి నిండే బ్రేకు చాంబర్‌లోంచి వచ్చి బ్రేకును తోసే కడ్డీ) ఎంత దూరం బయటికి వస్తోందన్నది.

చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. పార్కింగ్ బ్రేకు వదలండి. ట్యాంకుల్లో గాలి 6.2 నుంచి 6.9 బార్ మధ్య ఉండగా ఇంజిన్ ఆపండి. పుష్‌రాడ్ చాంబర్‌లోంచి బయటికొచ్చే చోట, చాంబర్ అంచుకు ఆనించి రాడ్డు మీద సుద్దగీత గీయండి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు గీత ఎంత జరిగిందో స్కేలుతో కొలవాలి. మామూలు టైప్ 30 చాంబర్‌కు హద్దు 51 మి.మీ. లాంగ్ స్ట్రోక్ రకానికి 64. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లాంగ్ స్ట్రోక్ చాంబర్‌కు గాలి పైపు తగిలించే చోటు చదరంగా పైకి లేచి ఉంటుంది, చాలావాటికి ట్యాగు కూడా వేలాడుతుంది. గుండ్రంగా ఉంటే మామూలుదే.

51 ఎందుకంటారా? ఆ చాంబర్ మొత్తం ప్రయాణమే 64 మి.మీ. చల్లగా ఉన్నప్పుడే 55 వాడేస్తే మిగిలింది 9. దిగుడులో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనర్‌కు (డ్రమ్ముకు ఆని రాసుకునే పలకకు) దూరం జరుగుతుంది. పుష్‌రాడ్ ఆ దూరాన్నీ పూడ్చాలి. పూడ్చే చోటు లేక చాంబర్ అడుగుకు కొట్టుకుంటే, గాలి నిండుగా ఉన్నా, పెడల్ గట్టిగా తగిలినా ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. పైగా చివరి కొన్ని మిల్లీమీటర్లలో చాంబర్ తోపు బాగా పడిపోతుంది. '30' అంటే డయాఫ్రం వైశాల్యం 30 చదరపు అంగుళాలు. 6 బార్ గాలికి అది దాదాపు 1,180 కిలోల తోపు. అదంతా ఆ కొద్దిపాటి దూరంలో ఆవిరైపోతుంది.

ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ (లైనర్ అరిగే కొద్దీ ఆ దూరాన్ని తనే సర్దే మీట) ఉన్నా హద్దు దాటితే స్పానర్‌తో బిగించేసి పంపకండి. బిగిస్తే ఆ పూటకు కొలత సరిపోతుంది, వారం తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. దానంతట అది సర్దుకోలేదంటే ఇంకెక్కడో తప్పుంది: పుష్‌రాడ్‌ను అడ్జస్టర్‌కు కలిపే క్లెవిస్ పిన్ను అరిగి ఉండొచ్చు, లైనర్లను డ్రమ్ము వైపు నెట్టే ఎస్-క్యామ్ షాఫ్టు బుష్‌లు వదులై ఉండొచ్చు, అడ్జస్టర్ బ్రాకెట్ వంగి ఉండొచ్చు, అడ్జస్టర్‌కు గ్రీజు చేరక బిగుసుకుపోయి ఉండొచ్చు. షాఫ్టును చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపండి. కంటికి కనపడేంత ఆట ఉంటే బుష్ పోయినట్టే.

లైనర్ అత్యంత పలచగా ఉన్న చోట 6 మి.మీ. కన్నా తగ్గితే మార్చాల్సిందే. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. అది దాటిన డ్రమ్మును లేతుకు పంపడం దండగ. కొత్త లైనర్లు వేసేటప్పుడు ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకే రకం, ఒకే గ్రేడు వేయించండి. ఒకపక్క చవక రకం పడితే ప్రతి బ్రేకుకూ బండి రెండో పక్కకు గుంజుతుంది.

చాంబరూ అడ్జస్టరూ ఒకరి ఇష్టం వచ్చినట్టు మార్చి ఉన్నారేమో కూడా గమనించండి. టైప్ 24 చాంబర్, 5.5 అంగుళాల అడ్జస్టర్ చేయి ఉంటే గుణకారం 132. టైప్ 30, 6 అంగుళాల చేయి అయితే 180. ఒకే ఇరుసు మీద ఇటు 132, అటు 180 ఉంటే అటుపక్క బ్రేకు మూడో వంతుకు పైగా బలంగా పడుతుంది.

ప్రశ్న: మా ట్రాక్టర్‌కు డిస్కు బ్రేకులు, ట్రైలర్‌కు డ్రమ్ములు. ట్రాక్టర్ ప్యాడ్లు చెప్పలేనంత త్వరగా అరుగుతున్నాయి. ట్రైలర్ లైనర్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. డిస్కు, డ్రమ్ము కలపకూడదా?

జవాబు: కలపవచ్చు. డిస్కుకు ఒక సహజ లాభం ఉంది, వేడెక్కితే అది ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, డ్రమ్ములా దూరం జరగదు. మీ బాధ రకాల కలయిక వల్ల కాదు, ట్రైలర్ ఆలస్యంగా మేల్కోవడం వల్ల.

రోజంతా వేసే బ్రేకుల్లో అధికభాగం తేలికవి, 2 బార్ లోపే. పసుపు పైపులో, అంటే ట్రైలర్‌కు ఆజ్ఞ మోసే పైపులో, 0.2 నుంచి 1 బార్ మధ్య గాలి చేరేసరికి ట్రైలర్ బ్రేకు పట్టడం మొదలవ్వాలని ఆర్13 చెబుతుంది. మీది 1.3 దగ్గర మొదలవుతోందనుకోండి, ట్రాక్టర్ 0.5 దగ్గరే పట్టేస్తే చిన్నా చితకా బ్రేకులన్నీ ట్రాక్టర్ నెత్తిన పడతాయి. పసుపు పైపు టెస్ట్ పాయింటుకు గేజీ బిగించి, ట్రైలర్ చక్రం ఒకటి జాకీ మీద లేపి చేత్తో తిప్పుతూ ఉండండి. ఇంకొకరు పెడల్‌ను మెల్లగా, వెంట్రుక వాసి చొప్పున దించాలి. చక్రం బరువెక్కిన క్షణంలో గేజీ ఎంత చూపిందో రాసుకోండి. అన్ని చక్రాలకూ ఇలాగే చేయండి.

ఆలస్యమైతే ముందు రిలే వాల్వు (ఆజ్ఞ అందగానే ట్యాంకు గాలిని చాంబర్లకు వదిలేది) చూడండి, లోపల తేమ, నూనె జిగురు చేరి మొరాయిస్తుంది. తర్వాత లోడ్ సెన్సింగ్ వాల్వు, అంటే బరువును బట్టి గాలి సర్దేది. దాని కర్ర వంగో, లింకు ఊడో 'ఖాళీ' స్థానంలో ఇరుక్కుంటే నిండు బరువుకు కూడా అరకొర గాలే పంపుతుంది. లైనర్లు కొత్తవాటిలా ఉన్నాయన్నారంటే నా అనుమానం దీనిమీదే. క్యామ్ షాఫ్టు బుష్‌లు గ్రీజు లేక ఎండిపోయినా ఇలాగే అవుతుంది.

ఇంకో చవకైన పరీక్ష: మామూలుగా ఒక అరగంట నడిపి వచ్చాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అన్ని డ్రమ్ములూ, డిస్కులూ కొలవండి. చల్లగా ఉన్నది పని చేయనిది. మరీ మండిపోతున్నది పక్కదాని పని కూడా మోస్తున్నది, లేదా వదలక రాసుకుంటున్నది.

ప్రశ్న: దిగుడులో ట్రాక్టర్ బ్రేకు వేడెక్కకుండా హ్యాండ్ వాల్వుతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే పట్టి దించుతాను. తప్పా?

జవాబు: తప్పే. అయిదిరుసుల వేడిని రెండింటికి అప్పజెబుతున్నారు. డ్రమ్ము 300 డిగ్రీలు దాటే కొద్దీ లైనర్ పట్టు జారుతుంది, కమురు వాసన ముక్కుకు తగిలేసరికే ఆలస్యమై ఉంటుంది. అప్పుడు పెడల్ తొక్కితే మిగిలేది ట్రాక్టర్ ఒక్కటే, వెనక నుంచి ట్రైలర్ తోస్తుంటుంది.

దిగుడు మొదలవకముందే గేరు ఎంచుకోవాలి, సగంలో మార్చే ప్రయత్నం చేయొద్దు. ఇంజిన్ బ్రేకు పూర్తిగా వేసి, ఇంకా చాలకపోతేనే పెడల్. 40 కి.మీ. మీ హద్దు అనుకుంటే, బండి 40 చేరాక గట్టిగా తొక్కి మూడు సెకన్లలో 32కు దించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 40కి వచ్చాకే తొక్కాలి. సన్నగా తొక్కి పట్టుకునే ఉంటే, ముందు మేల్కొనే ఇరుసులే మొత్తం భారం మోసి కాలిపోతాయి. కాస్త గట్టిగా తొక్కినప్పుడే అన్ని ఇరుసులూ పంచుకుంటాయి.

ప్రశ్న: సరుకుతో బాగానే ఆగే ట్రైలర్, ఖాళీగా వస్తుంటే చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతోంది. టైర్ల మీద ఒక్కోచోట చదునుగా అరిగిన మచ్చలు పడ్డాయి. ఏబీఎస్ ఉంది.

జవాబు: ఏబీఎస్ కేబుల్ తగిలిస్తున్నారా? గాలి పైపులు రెండూ తగిలించి, కరెంటు కేబుల్‌ను హుక్కుకు వేలాడదీసి వెళ్లడం చాలాచోట్ల అలవాటే. మీది ఈబీఎస్ (ఎలక్ట్రానిక్ బ్రేకు వ్యవస్థ) ట్రైలరైతే ఆ కేబుల్ లేనిదే బరువును బట్టి గాలి తగ్గించే పని కూడా జరగదు. 30 టన్నులకు ఇచ్చే గాలినే ఖాళీ ఇరుసుకూ ఇస్తుంది. తగిలించాక కూడా డ్యాష్ మీద ట్రైలర్ దీపం ఆరకపోతే ప్లగ్గు పిన్నులకు చిలుము పట్టిందేమో చూడండి, ఆ తర్వాత చక్రం దగ్గరి సెన్సర్ తన పళ్ల రింగుకు దూరం జరిగిందేమో చూడండి.

తడి రోడ్డు మీద ఖాళీ బండికి రిటార్డర్, ఇంజిన్ బ్రేకు కూడా తగ్గించి వాడాలి. అవి ఆపేది డ్రైవ్ ఇరుసును మాత్రమే. బరువులేని ఆ చక్రాలు జారితే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది.

ప్రశ్న: 40 టన్నుల బండికి 50 వేస్తే ఆగే దూరం ఎంత పెరుగుతుంది?

జవాబు: బ్రేకుల బలం అంతే, బరువు పావు వంతు ఎక్కువ. 60 కి.మీ. నుంచి 28 మీటర్లలో ఆగేది 35 పడుతుంది, బ్రేకు అందుకునే ఆలస్యం దీనికి అదనం. కానీ దిగుడు లెక్క దీనికన్నా చెడ్డది. పైన చెప్పిన 230 కిలోవాట్లు 290 దగ్గరికి పోతాయి. ఇంజిన్ బ్రేకు ఇచ్చేది ఇచ్చినంతే కాబట్టి ఆ పెరుగుదల మొత్తం డ్రమ్ముల వాటా. ఇంజిన్ బ్రేకు 200 ఇస్తోందనుకుంటే, నిన్నటిదాకా 30 మోసిన డ్రమ్ములు ఇవాళ 90 మోయాలి. పావు వంతు సరుకుకు మూడు రెట్ల వేడి.

ప్రశ్న: పికప్ బండికి తగిలించిన 3 టన్నుల ట్రైలర్‌కు తోపుడు బ్రేకు ఉంది. దిగుడులో దాని డ్రమ్ములు పొగలు కక్కుతున్నాయి.

జవాబు: ఆ బ్రేకు పనిచేసేదే ట్రైలర్ ముందుకు తోసినప్పుడు. ముందు బండి ఇంజిన్ బ్రేకుతో నెమ్మదించినా ట్రైలర్ దాన్ని తోస్తూనే ఉంటుంది కాబట్టి దిగుడంతా దాని బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది. ఆర్13 ఈ రకాన్ని 3.5 టన్నుల దగ్గరే ఆపేసింది. తరచూ కొండ దారుల్లో తిరిగేవారు కరెంటు బ్రేకులున్న ట్రైలర్‌కు మారడం మేలు. దానికి కంట్రోలర్ గెయిన్ (బ్రేకుకు ఇచ్చే బలం) సర్దాలంటే చదును రోడ్డుమీద 35, 40 కి.మీ. వేగంలో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేస్తూ, చక్రాలు బిగుసుకునేదాకా పెంచి, అక్కడినుంచి కాస్త తగ్గించండి. సరుకు మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి.

ప్రశ్న: 'జేక్ బ్రేక్' అంటే ఎగ్జాస్ట్ బ్రేకేనా?

జవాబు: కాదు. ఎగ్జాస్ట్ బ్రేకు పొగగొట్టానికి తలుపు వేస్తుంది, అంతే. జేక్ బ్రేకు సిలిండరులో గాలి పూర్తిగా నలిగాక ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి, ఆ నలిగిన గాలి పిస్టన్‌ను తిరిగి కిందికి తోయకుండా వదిలేస్తుంది. బలమూ, చప్పుడూ రెండూ ఎక్కువే. కమిన్స్ ఇంజిన్ కంపెనీ స్థాపకుడు క్లెస్సీ కమిన్స్ 1931లో డీజిల్ లారీతో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమ దిగుతూ బ్రేకులు పోగొట్టుకుని, రైలు కింద పడకుండా త్రుటిలో బయటపడ్డారు. ఆ ఆలోచన ఆయన్ను చాన్నాళ్లు వదల్లేదు. 1961లో జేకబ్స్ కంపెనీ దాన్ని తయారు చేసి అమ్మకానికి తెచ్చింది, పేరు అలా వచ్చింది.

ప్రశ్న: దిగుడు దిగాక డ్రమ్ములు బాగా కాలి ఉంటే నీళ్లు కొట్టొచ్చా? వెంటనే పార్కింగ్ బ్రేకు వేయొచ్చా?

జవాబు: నీళ్లు వద్దు, పోత ఇనుము చిట్లుతుంది. పార్కింగ్ బ్రేకు కూడా వెంటనే వద్దు. ఉబ్బిన డ్రమ్ముకు ఆనించి బిగించిన లైనర్ మీద డ్రమ్ము చల్లారుతూ ముడుచుకుంటుంది, డ్రమ్ము పగలొచ్చు, లేదా బ్రేకు వదలకుండా పట్టేయొచ్చు. వీలైతే చదును రోడ్డు మీద బ్రేకు ముట్టకుండా ఇంకో రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, గాలికే చల్లారతాయి. ఆగక తప్పకపోతే చదును చోట ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, డ్రమ్ము దగ్గర చెయ్యి ఆనించకుండా పెడితే వేడి తగలడం ఆగేదాకా పార్కింగ్ బ్రేకు వేసే పసుపు నాబ్ జోలికి పోకండి.